సర్ రోనాల్డ్ రాసు చరిత్రము

మన తెలుగున బల్ల యను మాటకు రెండర్థములు కలవు. ఒకటి మనము కూర్చుండి చదువుకొను బల్ల. రెండవది చలిజ్వరము మాటిమాటికి వచ్చిన బిడ్డకు ఎడమ ప్రక్క డొక్కలో గట్టిపడి చేతికి తగులు బల్ల. శరీరమునందలి ప్లీహ మను నవయవము పెరుగుటవలన ఇట్లగును. మొదటి బల్ల ప్రతి పిల్లవానికిని కావలయును. రెండవ బల్ల ఏ పిల్లవానికిని రాకూడదు. ఈ రెండవ బల్లను వేలకొలది పిల్లలయందు లెక్కించి, ఆ లెక్కనుబట్టి ఒక సీమయొక్క ఆరోగ్యమును కొలువవలయునని పట్టుబట్టిన మహనీయులలో సర్ రోనాల్డ్ రాసు ముఖ్యుడు. ఆయన జీవితమునందలి గొప్ప పని జరిగినది దూరదేశమున గాదు. కొండగట్టునుండి కరీంనగరు మీదుగా ఒక పూట ప్రయాణము చేసినచో చేరదగిన సికింద్రాబాదునందే. అందుచే ఆయన చరిత్రము మన విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది.

రాసు 1857 వ సంవత్సరము మే నెల 13 వ తేదీన హిమాలయ ప్రాంతమునందలి ఆల్మోరా పట్టణమున జన్మించెను. తండ్రి భారత సైన్యములో ఉన్నతోద్యోగి. పదిమంది సంతానములో రోనాల్డే జ్యేష్ఠుడు. ఎనిమిదవ యేట విద్యాభ్యాసమునకై ఇంగ్లండునకు పంపబడెను. బాల్యమునుండియు ఆయన మనస్సు చిత్రలేఖనముమీదను, కవిత్వముమీదను, సంగీతముమీదను ఉండెనే గాని వైద్యముమీద లేదు. అయినను తండ్రి మాట త్రోసివేయజాలక లండనులోని సెయింటు బర్తలోమ్యూ వైద్యశాలయందు చేరెను. అచట చదువునందు శ్రద్ధ తక్కువయ్యెను. ఒక పరీక్షలో తప్పి, కొంతకాలము ఓడలపై వైద్యుడుగా పనిచేసి, మరల చదివి ఉత్తీర్ణుడై, 1881 లో భారతదేశ వైద్యోద్యోగవర్గమున ప్రవేశించెను. పరీక్షలో ఒకసారి తప్పినవారు నిరుత్సాహపడ నక్కరలేదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

తొలి సంవత్సరములు మద్రాసు రాజధానిలో గడచెను. సైనిక వైద్యునకు తీరిక యెక్కువ. ఆ తీరికను రాసు వృథాపుచ్చక, పాఠశాలలో విడిచిన గణితశాస్త్రమును తానే పుస్తకములు తెచ్చుకొని మొదటినుండి అభ్యసింపసాగెను. అప్పుడాయన దానిని వినోదమునకై చదివెను. తరువాత నదియే ఆయన చేతిలో ఆయుధమయ్యెను. 1883 లో బెంగుళూరున నున్నప్పుడు తన బంగళాలో దోమల బాధ మిక్కుటమయ్యెను. వెదకిచూడగా కిటికీ వెలుపల నొక తొట్టిలో నిలువయున్న నీటియందు దోమపిల్లలు కనబడెను. తొట్టి బోర్లించినంతట దోమలు తగ్గెను. ఇది చిన్న సంగతియే. కాని ఆయన మరువలేదు.

ఆ కాలమున చలిజ్వరము చెడుగాలివలన గలుగునని జను లెంచుచుండిరి. 1880 లో ఫ్రెంచి వైద్యుడైన లావెరాన్ అల్జీరియా దేశమున రోగుల రక్తమందు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. అయితే ఆ జీవి ఒక మనుష్యునినుండి వేరొక మనుష్యునికి ఎట్లు చేరునో ఎవరికిని తెలియకుండెను. 1894 లో రాసు సెలవుమీద లండను వెళ్లినప్పుడు సర్ పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆ సూక్ష్మజీవిని సూక్ష్మదర్శినిలో జూపి, దోమయే దీనిని మోయుచుండవచ్చునని తన యూహను తెలిపెను. ఆ యూహ రాసు మనస్సున నాటుకొనెను. 1895 లో సికింద్రాబాదు చేరి పని యారంభించెను.

మాన్సన్ అభిప్రాయ మేమనగా, దోమ రోగి రక్తము త్రాగి నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు. రాసు దీనిని పరీక్షింప నెంచి, ఒప్పుకొనినవారిచే అట్టి నీటిని త్రాగించెను. నేటి వైద్యధర్మము ఇట్టి పనిని సమ్మతింపదు. మొదట త్రాగినవానికి కొలది దినములలో జ్వరము వచ్చెను. రాసు మిగుల సంతోషించెను. కాని మరి కొందరికి త్రాగింపగా పెక్కుమందికి ఏమియు కాలేదు. ఒక్కని జ్వరము నమ్మదగిన సాక్ష్యము కాదని ఆయన గ్రహించెను. జ్వరము ప్రబలిన ఊరిలో నీరు త్రాగినవానికిని రావచ్చును, త్రాగనివానికిని రావచ్చును. త్రాగినవారిలో నూటికెందరు, త్రాగనివారిలో నూటికెందరు అని రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టిననే గాని నిజము తేలదు.

పిమ్మట ఆయన దోమకాటునే శోధింప నారంభించెను. 1897 వ సంవత్సరపు ఎండలలో బేగంపేటయందలి చిన్న వైద్యశాలలో దినమెల్ల దోమలను చీల్చి చూచుచుండెను. పంకా వేసినచో దోమలు కొట్టుకొనిపోవును గనుక ఉక్కలోనే కూర్చుండెను. నొసటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. ఆగస్టు 16 వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగిని, రెక్కలపై మచ్చలుగల ఒక జాతి దోమలచే కుట్టించి, ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి బహుమాన మిచ్చెను. ఆగస్టు 20 వ తేదీన అట్టి దోమయొక్క కడుపుగోడలో, ఇతర దోమలయం దెన్నడును కనబడని గుండ్రని కణములు నల్లని రేణువులతో గూడి కనబడెను. ఆ రేణువులు చలిజ్వర సూక్ష్మజీవికి గుర్తులు. మరునాడు మిగిలిన దోమను చూడగా ఆ కణములు మరింత పెరిగియుండెను. రహస్యము తెలిసెను.

ఆయన సంతోష మింకను తీరకముందే ప్రభుత్వమువారు వేరుచోటికి మార్చిరి. 1898 లో కలకత్తాలో మనుష్యుల జ్వరమును శోధించుటకు వీలు లేక, పక్షులకు వచ్చు అట్టి జ్వరమునే తీసికొని, సూక్ష్మజీవి దోమ కడుపునుండి దాని లాలాజల గ్రంథులకు జేరి, కాటుద్వారా మరియొక పక్షికి ప్రాకుట నిరూపించెను. ఆ యేడే ఇటలీ పండితులు మనుష్యుల జ్వరమునకు అనాఫిలీస్ జాతి దోమయే కారణమని చూపిరి. 1902 లో రాసునకు వైద్యశాస్త్రమందు నోబెల్ బహుమానము లభించెను. 1911 లో సర్ బిరుదమును పొందెను.

చదువరు లిచట కథ ముగిసెనని తలపవచ్చును. కాని రాసునకు ఇచటనే రెండవ కష్టము మొదలయ్యెను. దోమ జ్వరమును మోయునని తెలిసికొనుటకు రెండు దోమలు చాలెను. దోమలను తగ్గించినచో జ్వరము తగ్గునా, ఎంత తగ్గును, ఆ తగ్గుదలకై ప్రభుత్వము ధనము వెచ్చింపదగునా యని తెలిసికొనుటకు వేలకొలది బిడ్డలను పరీక్షింపవలసివచ్చెను. మొదటిది కంటితో చూచు సత్యము. రెండవది లెక్కతో మాత్రమే తెలియు సత్యము.

ఈ భేదము తెలియకపోవుటచే గలుగు నష్టమునకు మియాన్ మీర్ ఒక దృష్టాంతము. అది లాహోరు చెంతనున్న సైనిక నివాసము. అచట 1902 లో గుంటలు పూడ్చి, నీటిపై నూనె చల్లి, దోమల నిర్మూలనము ప్రయత్నింపబడెను. చుట్టును కాలువనీటి సేద్యము గలదు. వెలుపలనుండి దోమలు వచ్చుచునే యుండెను. జ్వరము ఆశించినంత తగ్గలేదని వైద్యాధికారులు తీర్మానించిరి. దోమల నిర్మూలనమువలన లాభము లేదని పలువు రనసాగిరి. రాసు దీనిని తీవ్రముగా ఖండించెను. పని జరిగిన చోటు మిగుల చిన్నదనియు, పనికి ముందు దోమలెన్ని, జ్వరమెంత యని సరిగా కొలువనిదే తరువాత తగ్గెనా లేదా యని చెప్పుట పొసగదనియు వాదించెను. 1904 లో అమెరికాయందలి సెయింట్ లూయీ నగరమున జరిగిన సభలో, ఒక చోట దోమలు పుట్టకుండ చేసినచో వెలుపలి దోమలు ఎంత దూరమువరకు లోపలికి చొచ్చునో గణితముచే విచారించిన ఉపన్యాస మొసగెను. తీరికకాలమున నేర్చిన గణిత మిట్లు పనికివచ్చెను.

కొలుచు టెట్లు? ప్రతివాని రక్తమును చూచుట కష్టము. అందులకే బల్లలెక్క. పిల్లవాని ఎడమ పక్కటెముకల క్రింద వ్రేళ్లతో తాకి చూచినచో ప్లీహము పెరిగినదో లేదో తెలియును. నూరుగురు పిల్లలలో ఎందరికి బల్ల కలదో ఆ సంఖ్య ఆ యూరి జ్వరమునకు కొలత. ఈ మార్గమును రాసు కల్పింపలేదు. 1840-50 నడుమ డెంప్‌స్టర్ అను వైద్యుడు, యమునానది కాలువలవలన జ్వరము పెరుగునా యని విచారించుచు, కాలువనీరు పారు గ్రామములలోను పారని గ్రామములలోను పిల్లల బల్లలు లెక్కించెను. రెండు ప్రజాసమూహముల నిష్పత్తులను ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట మన దేశమునం దంత పూర్వమే జరిగినది.

రాసు ఈ పద్ధతిని 1907-08 సంవత్సరములలో మారిషస్ ద్వీపమున గొప్పగా నడపెను. 1866-67 లో ఆ ద్వీపమున జ్వరము మహామారియై వేలకొలది ప్రజలను బలిగొనెను. చెరకుతోటలలో పనిచేయుటకు మన దేశమునుండి వెళ్లిన కూలీలు అచట పెక్కుమంది; వారిలో తెలుగువారును గలరు. రాసు ఆధ్వర్యమున సుమారు 31,000 మంది పిల్లలు పరీక్షింపబడిరి. వారిలో ఇంచుమించు మూడవవంతు మందికి బల్ల కనబడెను. అయితే ద్వీపమంతటను ఒకే రీతిగా లేదు. సముద్రతీరపు పల్లపు గ్రామములలో హెచ్చు. ఎత్తైన చల్లని ప్రదేశములలో తక్కువ. ఎచట ముందుగా మురుగుకాలువలు త్రవ్వవలెనో, ఎచట ధనము వెచ్చింపవలెనో ఈ వ్యత్యాసమే చెప్పవలసియుండెను.

1910 లో వెలువడిన తన గ్రంథములో రాసు ఒక హెచ్చరిక చేసెను. కొలదిమందిని మాత్రమే పరీక్షించినచో యాదృచ్ఛికముగా లెక్కలో లోపము కలుగుననియు, ఆ లోప మెంతయో గణితముచే తెలిసికొననిదే ఏ తీర్మానమును చేయరాదనియు దాని సారాంశము. ఈ హెచ్చరిక మన విద్యార్థులకు బోధపడుటకై, నేటి గణితశాస్త్రపద్ధతి ననుసరించి ఒక ఉదాహరణమును చూతము. ఇది కల్పించిన లెక్క. నిజముగా కొలిచినది కాదు.

కొండగట్టు దిగువ పల్లెలలో చీట్లు వేసి 100 మంది పిల్లలను ఎంచి చూడగా 30 మందికి బల్ల కలదనుకొందము. మానేటి యొడ్డు పల్లెలలో అట్లే 100 మందిని చూడగా 20 మందికి కలదనుకొందము. వ్యత్యాసము నూటికి 10. కొండ దిగువనే జ్వర మెక్కువయని వెంటనే చెప్పవచ్చునా? మనము చూచినది పిల్లలనందరిని కాదు, నూరుగురిని మాత్రమే. వేరొక నూరుగురి పేర్లు చీట్లలో వచ్చియున్నచో 30 కి మారుగా 26 గాని 34 గాని వచ్చియుండవచ్చును. రెండవచోటను అట్లే. కావున రెండు లెక్కలయందును పొరపాటున కవకాశము కలదు. ఆ రెండును గూడి వ్యత్యాసమునందు చేరును.

దీనిని కొలుచు విధ మిది. మొదటి చోట బల్లగలవారి పాలు 0.3, లేనివారి పాలు 0.7. ఈ రెంటిని హెచ్చించి 100 చే భాగింపగా 0.0021 వచ్చును. రెండవచోట 0.2 ను 0.8 చే హెచ్చించి 100 చే భాగింపగా 0.0016. వ్యత్యాసము కనుగొనుటకు నిష్పత్తులను తీసివేసితిమి. కాని పొరపాట్లను తీసివేయరాదు, కూడవలెను. కూడగా 0.0037. దాని వర్గమూలము సుమారు 0.06, అనగా నూటికి 6. దీనిని ప్రామాణిక దోష మందురు. దీనికి రెండింతలు, అనగా 12, ఇరుప్రక్కల విడిచి హద్దులు గీయవలెను. 10 లోనుండి 12 తీసివేయగా సున్నకు 2 తక్కువ; 10 కి 12 కూడగా 22. అనగా కొండ దిగువ జ్వరము నూటికి 22 వరకు ఎక్కువయైన నుండవచ్చును, లేక 2 తక్కువయైన నుండవచ్చును. హద్దుల నడుమ సున్న యున్నది గనుక, అసలు భేదమే లేకపోవచ్చునను సందేహము తీరలేదు.

ఇప్పుడు ఒక్కొక్కచోట 400 మందిని చూడగా 120 మందికిని, 80 మందికిని బల్ల కలదనుకొందము. నిష్పత్తులు మునుపటివే, వ్యత్యాసమును 10 యే. కాని ప్రామాణిక దోషము సుమారు 3 మాత్రమే. రెండింతలు 6. హద్దులు 4 మొదలు 16 వరకు. సున్న హద్దులకు వెలుపల పడెను. ఇప్పుడు కొండ దిగువ జ్వర మెక్కువయని ధైర్యముగా చెప్పవచ్చును. ఈ విధముగా పలుమారులు పిల్లల నెంచి హద్దులు గీచినచో, నూటికి సుమారు 95 మారులు నిజమైన వ్యత్యాసము ఆ హద్దులలో పడును. నాలుగింతలమందిని చూచిననే గాని పొరపాటు సగము కాదని కూడ ఇందు గమనింపదగును. శ్రమ లేనిదే నిశ్చయము రాదు.

ఇంకొక జాగ్రత్త కలదు. గణితము యాదృచ్ఛికమైన పొరపాటునే కొలుచును; మన పక్షపాతమును కొలువదు. ఒకచోట పాఠశాలకు వచ్చిన పిల్లలను మాత్రము చూచి, మరియొకచోట ఇంటింటికి తిరిగి చూచినచో ఆ పోలిక చెడును. జ్వరము వచ్చిన పిల్లవాడు బడికి రాడు గదా! ఒకచోట వానకాలమునకు పిదపను, వేరొకచోట ఎండకాలమునను చూచినను, పసివారిని పెద్దపిల్లలతో పోల్చినను అంతియే. మరియు భేదము కలదని తేలినంత మాత్రమున దానికి కారణ మిదియని తేలదు. పని చేసిన పల్లెను, పని చేయని పల్లెను, పనికి ముందును తరువాతను గూడ కొలిచినచో కారణము కొంత స్పష్టపడును. మియాన్ మీర్ విషయమున రాసు పట్టుదల ఇట్టి కొలతకొరకే.

రాసు లోపములు లేనివాడు కాడు. తనకు రావలసిన కీర్తి యితరులకు పోవునేమో యని ఇటలీ పండితులతో ఏండ్లతరబడి కలహించెను. గురువైన మాన్సన్‌తోను మనస్పర్ధలు పెంచుకొనెను. తన శ్రమకు తగిన ధనము లభింపలేదని వాపోవుచుండెను. లెక్కలయందు సహనము చూపినంతగా మనుష్యులయందు చూపలేకపోయెను. అయినను పశ్చిమాఫ్రికాలోను, ఈజిప్టులోను, మారిషస్‌లోను తిరిగి, తన విద్యను ప్రయోగశాలలో దాచుకొనక ప్రజలకు పంచిపెట్టెను. 1926 లో లండనున ఆయన పేర ఒక సంస్థ స్థాపింపబడెను. 1927 లో కలకత్తాకు వచ్చి, తాను పనిచేసిన చోట నిర్మింపబడిన స్మారకద్వారమును చూచెను. 1932 వ సంవత్సరము సెప్టెంబరు 16 వ తేదీన లండనునందు కాలధర్మము నొందెను.

ఆయన నాటిన విత్తనము తరువాత ఫలించెను. 1973 లో మారిషస్ ద్వీపము చలిజ్వరమునుండి విముక్తమైనదని ప్రకటింపబడెను. రెండేండ్లకే జ్వరము మరల తలయెత్తగా, మరల పాటుపడి దానిని అణచిరి. మన దేశమున 1953 లో జాతీయ చలిజ్వర నివారణ కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఆదిలాబాదు అడవిపల్లెలకు ఈ జ్వరము కథలలోని సంగతి కాదు. 2021 లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పిల్లలకు చలిజ్వరపు టీకాను మొదటిసారి సిఫారసు చేసిరి. ఆ టీకా పనిచేయునని తెలిసిన దెట్లు? టీకా పొందిన పిల్లలలో నూటికెందరికి జ్వరము వచ్చెను, పొందనివారిలో నూటికెందరికి వచ్చెనని రెండు నిష్పత్తులను పోల్చియే. సికింద్రాబాదులో నీరు త్రాగించిననాడు రాసునకు లేకుండిన లెక్క యిదియే.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము నేటికిని నిలిచియున్నది. హైదరాబాదు నల్లకుంటలో మనవారు కోరంటి దవాఖానా యని పిలుచు జ్వరాల ఆసుపత్రికి ఆయన పేరే పెట్టబడినది. ఆగస్టు 20 వ తేదీని లోకమంతటను దోమల దినముగా పాటించుచున్నారు. మన పిల్లలలో ఎవరైనను ఆ నగరమునకు వెళ్లినచో ఆ భవనమును చూచి రావలెను. తిరిగివచ్చిన పిమ్మట, మా యూరిలో జ్వరము తగ్గినదని ఎవరైన చెప్పినప్పుడు మూడు ప్రశ్న లడుగుట నేర్చుకొనవలెను: ఎందరిని చూచితిరి? వారి నెట్లు ఎంచితిరి? దేనితో పోల్చితిరి? ఈ మూడింటికి జవాబు దొరకిననాడు మన పల్లెల బిడ్డల డొక్కలలోని బల్ల తొలగి, వారు సుఖముగా బడి బల్లలపై కూర్చుండు మార్గము తెలియగలదు.